ముప్పై మూడు చుట్లు

పన్నెండేళ్ళుగా నాకొక సందేహం ఉంది.

తెల్లవారగానే మసీదు కుళాయి దగ్గర కూర్చుని, నమాజుకు ముందు చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కుంటాను. దాన్ని మేం వుజూ అంటాం. ఆ కుళాయికి నీళ్ళు వదిలేది కూడా నేనే. ఒకరి వాటా నీళ్ళు తగ్గించిన చేతుల్ని ఆ నీళ్ళతోనే కడుక్కుంటే అవి శుభ్రపడతాయా? ఆ చేతులెత్తి అడిగితే పైనున్నవాడు వింటాడా? ఇమామ్ గారిని అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. అడిగితే, ఎందుకడుగుతున్నావని ఆయన నన్ను అడుగుతారు. అందుకని ఊరుకున్నాను.

నా పేరు లాల్ అహమ్మద్. మా ఊరు తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు దారిలో ఉన్న చిన్న మున్సిపాలిటీ. పేరు రాయడం లేదు. కేసు ఇంకా నడుస్తోంది, దాని మీద కొందరి అన్నం ఆధారపడి ఉంది. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినవాణ్ణి. పనిచేసుకునేవాళ్ళూ చదువుకునే పిల్లలూ చదవాలని నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

మా పక్క బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. మంచినీళ్ళ చెరువే దిక్కు. వేసవిలో కాలువలు కట్టేస్తే ఆ చెరువు నీళ్ళే జూన్ దాకా సర్దుకోవాలి. వీధి మొదట్లో గుంటలో వాల్వు ఉంటుంది. మనిషి ఎత్తున్న ఇనప కడ్డీని, మేం తాళం అంటాం, దానికి తగిలించి తిప్పితే నీళ్ళు వెళ్తాయి. మా వార్డులో రెండు వాల్వులు. ఒకటి మా మసీదు వీధిది, రెండోది రైలు కట్ట పక్కనున్న కట్ట కాలనీది. చుండూరు, కొలకలూరు పొలాల్లో నాట్లకూ కోతలకూ వెళ్ళే కూలీలు అక్కడుంటారు.

నాకు పని నేర్పింది ఇర్షాద్ మేస్త్రి. ముప్పై ఏళ్ళు నీళ్ళు వదిలిన మనిషి. "లెక్క తప్పితే పైపు పగులుద్దిరా. తస్బీహ్ చదువుతా తిప్పు. మనసు మర్చిపోయినా నోరు మర్చిపోదు" అనేవాడు. ఒక్కో చుట్టుకు ఒక్కో సుభానల్లా, అంటే దేవుడికి స్తుతి; అలా లెక్కపెట్టి చదవడమే తస్బీహ్. వాల్వు పూర్తిగా తెరుచుకోవాలంటే సరిగ్గా ముప్పై మూడు చుట్లు. నమాజు తర్వాత మేం వేళ్ళ మీద చదివేదీ ముప్పై మూడే. ఆ సంగతి చెప్పేటప్పుడు మేస్త్రి మొహం వెలిగిపోయేది.

పన్నెండేళ్ళ కిందట పాండురంగారావు గారు చెరువు పక్కన మంచినీళ్ళ క్యాన్ల ప్లాంటు పెట్టారు. ఆయన ప్లాంటుకు పైపు మా వాల్వులకు ముందే చీలుతుంది. నెల తిరక్కుండా నీళ్ళ సెక్షన్ ఇంజనీరు నన్ను పిలిచి, "కాలనీ వాల్వు పదకొండు తిప్పితే చాలు లాలూ" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. నాది ఔట్‌సోర్సింగు ఉద్యోగం. ఆ ఏజెన్సీ కూడా పాండురంగారావు గారిదే.

ఆ రోజు నుంచి మసీదు వీధికి ముప్పై మూడు సుభానల్లాలు. కాలనీకి పదకొండు.

నీళ్ళు తగ్గేసరికి కాలనీ వాళ్ళు కుళాయిని కిందికి దించి, దాని చుట్టూ గుంట తవ్వుకున్నారు. ఏడాదికి ఒక బెత్తెడు లోతు పెరిగింది. ఇప్పుడు చివరి ఇళ్ళ దగ్గర గుంట మనిషి నడుం దాకా ఉంది. ఆడవాళ్ళు అందులోకి దిగి, చెంబుతో పట్టి బిందెలు నింపాలి. నిండకపోతే క్యాను కొనాలి.

మొన్న ఏప్రిల్లో, కాలువలు కట్టేసిన మూడోనాడు, తాళం భుజాన వేసుకుని కాలనీ మీదుగా వెళ్తున్నాను. చివర్లో జనం గుమిగూడి ఉన్నారు. సుందరమ్మ గుంటలో జారిపడింది. అరవై దాటిన మనిషి. తుంటి విరిగింది. ఆమె కొడుకు మార్కు, ఇంకో ఇద్దరూ కలిసి దుప్పట్లో వేసి పైకి లాగుతున్నారు. గుంట అడుగున బిందె పక్కకు ఒరిగి ఉంది. కుళాయి నుంచి దారం లాగా నీళ్ళు కారుతున్నాయి.

"వచ్చాడమ్మా మారాజు! తాళం బుజానేసుకుని పెళ్ళికొడుకులా పోతన్నాడు చూడండే!" అంది ఒకావిడ.

"ఏం బాబాయ్, ఈ కాసిని నీళ్ళు కూడా ఎందుకు వదిలావు? మిగతాది కూడా ఆపేత్తే పీడా పోద్దిగా" అన్నాడు మార్కు.

దుప్పట్లోంచి సుందరమ్మ మూలుగుతూనే అంది: "ఆయన్నేం అనకండ్రా. పైనోళ్ళు ఆపితే ఆయనేం చేత్తాడు?"

ఆ మాట నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది. ఎనిమిదేళ్ళ కిందట మే నెలలో మా అమ్మ చనిపోయింది. ఆ రోజు చెరువు దగ్గర మోటారు కాలి, ఊరంతటికీ నీళ్ళు లేవు. మయ్యత్తుకు, అంటే అమ్మ శరీరానికి, స్నానం చేయించాలి. ఉప్పునీళ్ళతోనే కానిద్దామనుకుంటుంటే, సుందరమ్మ కట్ట దాటి, నెత్తి మీద బిందెతో మా గుమ్మం ముందు నిలబడింది. రెండు రోజులుగా దాచుకున్న మంచినీళ్ళు. "మీ అమ్మ నాకు పురుళ్ళప్పుడు గంజి కాచిచ్చిందిలే" అంది. "నీ బిందె నీళ్ళు నేను మళ్ళీ ఇస్తానక్కా" అన్నాను. "నీళ్ళోడివి నువ్వే గదా తమ్ముడూ, ఎప్పుడోకప్పుడు ఇద్దువుగానిలే" అని నవ్వింది. ఆ బిందె నేను తిరిగి ఇవ్వలేదు. మర్నాడు కూడా పదకొండు చుట్లే తిప్పాను.

సుందరమ్మను తెనాలి ఆస్పత్రికి తీసుకెళ్ళింది మా కౌన్సిలర్ జహీరా. ఇర్షాద్ మేస్త్రి కూతురు. పదో తరగతి చదివి, పెళ్ళయ్యాక మా వీధిలోనే జాకెట్లు కుట్టేది. 2021 ఎన్నికల్లో మా వార్డు మహిళలకు వచ్చింది. పార్టీ పెద్దలు గట్టిగా మాట్లాడని మనిషి కోసం వెతికి, ఈ అమ్మాయిని పట్టుకున్నారు. "నువ్వు సంతకం పెట్టు చాలమ్మా, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు.

మొదటి మీటింగులో కాగితాలు ముందు పెడితే, "చదివి పెడతానండి" అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత అదే ఆమె పేరైపోయింది. ఆఫీసులో అటెండరు కూడా "చదివిపెడతానండి గారు వస్తున్నారు" అనేవాడు. ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకుని, మిషను పక్కన పెట్టుకుని, అనుమానం ఉన్న చోట టైలరు సుద్దతో గీత గీసేది. ఆమె వెనక్కి పంపిన ఫైళ్ళు ముట్టుకుంటే గుమాస్తాల వేళ్ళకు సుద్ద అంటేది.

నాలుగేళ్ళలో ఆమె ఖబరస్తాన్ గోడ కట్టించింది. ఆగిపోయిన ముసలివాళ్ళ పింఛన్లు తెప్పించింది. కాలనీ డ్రెయిను మీద పలకలు వేయించింది. గుంటల నీళ్ళ సంగతి మాత్రం ఆమె చేతికి చిక్కలేదు. సోమవారం సోమవారం రెండు బస్సులు మారి బాపట్ల కలెక్టరాఫీసుకు వెళ్ళి అర్జీ ఇచ్చేది. ఆ అర్జీ తిరిగి తిరిగి మా ఇంజనీరు బల్ల మీదికే వచ్చేది. "చివరి ఇళ్ళు కనుక ప్రెజరు రాదు" అని ఆయన రాసేవాడు. అర్జీ పరిష్కారమైందని జహీరా ఫోనుకు మెసేజి వచ్చేది. తొమ్మిది అర్జీలు, తొమ్మిది మెసేజీలు.

సుందరమ్మకు ఆపరేషనైన వారానికి, పొద్దున్నే నేను కాలనీ వాల్వు దగ్గర ఉన్నాను. అలవాటుగా పైకే చదువుతున్నాను. పదకొండో సుభానల్లా దగ్గర ఆగి తాళం బయటికి లాగుతుంటే వెనక నుంచి గొంతు వినబడింది.

"మామూ, పదకొండుకే ఆపావేంటి?"

జహీరా. చేతిలో ఆస్పత్రికి తీసుకెళ్ళే క్యారేజీ ఉంది.

తాళం నేలకు ఆనించాను.

"చిన్నప్పుడు నాన్న వెనకే తిరిగేదాన్ని. నాన్న తిప్పుతుంటే నేను చదివేదాన్ని. తస్బీహ్ మధ్యలో ఆపడం ఎప్పుడూ చూళ్ళేదు మామూ."

"ఇంజనీరు గారు చెప్పారమ్మా."

"ఎప్పట్నించి?"

"పన్నెండేళ్ళు."

ఆమె గుంట అంచున కూలబడింది. కోపంగా ఏమైనా అంటుందనుకున్నాను. "నాలుగేళ్ళుగా పైపులు చూశాను, మోటార్లు చూశాను, చెరువు లోతు చూశాను. నీ నోరు వినలేదు. అలిసిపోయాను మామూ" అంది. కాసేపటికి లేచి బురఖాకంటిన మట్టి దులుపుకుంది. "మీటింగులో అడుగుతాను. నువ్వు నిజం చెప్పు. అది చాలు."

నెలాఖరు మీటింగుకు నన్ను పిలిపించారు. తలుపు దగ్గర నిలబడ్డాను. పాండురంగారావు గారు సభ్యుడు కాదు. అయినా కిటికీ పక్కన ఆయనకొక కుర్చీ ఎప్పుడూ ఉంటుంది.

"చివరి ఇళ్ళకు ప్రెజరు రాదంటున్నారు. కాలనీ వాల్వు ఎన్ని చుట్లు తిరుగుతుందండి?" అని జహీరా ఇంజనీరును అడిగింది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "అవన్నీ కింద మనుషులు చూసుకుంటారమ్మా."

"ఆ కింద మనిషి ఇక్కడే ఉన్నాడండి. అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. పాండురంగారావు గారు కూడా చూశారు. నవ్వుతూనే చూశారు. ఆ చూపులో మా ఇంటి బియ్యమూ, నా భార్య షుగరు మందులూ అన్నీ కనబడ్డాయి.

"గుర్తు లేదండి" అన్నాను.

ఒక సభ్యుడు గట్టిగా నవ్వాడు. "కుట్టు మిషను కాదమ్మా, చుట్లు లెక్కపెట్టడానికి!" మైకు ఆపేశారు. జహీరా నా వైపు చూడలేదు. కాగితాలు ఒక్కొక్కటే సర్దుకుని వెళ్ళిపోయింది. ఆమె కూర్చున్న చోట బల్ల మీద సుద్ద ముక్క మిగిలింది.

రెండు రోజులకు పాండురంగారావు గారు మసీదు పెద్దల దగ్గరికి వచ్చారు. మసీదు మీద కొత్త వాటర్ ట్యాంకు కట్టిస్తానన్నారు. "మీ వీధికి ఏం తక్కువైంది? ఆ కట్ట వాళ్ళ కోసం మీ అమ్మాయి ఊరి మీద పడటమేంటి? కాస్త చెప్పుకోండి" అన్నారు.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత మసీదు వరండాలో మాట మొదలైంది. ఆడవాళ్ళు లోపలికి రారు కనుక జహీరా గేటు బయటే నిలబడింది.

"మనకు నీళ్ళొస్తున్నాయి. అల్లా దయ. లేని తగువు ఎందుకమ్మా?" అన్నారు ఒక పెద్దాయన.

"రేపు మనకూ పదకొండే తిప్పమంటే ఎవరి దగ్గరికెళ్తాం చాచా?" అంది జహీరా.

"మనకెందుకు తగ్గిస్తారు?"

"కాలనీ వాళ్ళకు ఎందుకు తగ్గించారు? అడగరని. మనమూ అడగం. ఆ సంగతి ఆయనకు తెలుసు."

ఆటో తోలే అన్సార్ లేచాడు. "ట్యాంకు ఊరికే వస్తుంటే తీసుకోకుండా ఈ గోలేంటి? కౌన్సిలర్ పదవి వచ్చేసరికి తలకెక్కింది."

"అన్సార్ భాయ్, నీ భార్య పింఛను కాగితం నేను రాసింది పదవి తలకెక్కకముందా, ఎక్కినాకా?"

కొందరు నవ్వారు. అన్సార్ కూడా నవ్వు ఆపుకుంటూ కూర్చున్నాడు. కాని మాట పెద్దల వైపే మొగ్గుతోంది. ట్యాంకు ఎన్ని లీటర్లదని ఒకరు అప్పుడే అడుగుతున్నారు.

నేను స్తంభం పక్కన కూర్చుని నా చేతులు చూసుకుంటున్నాను. ఇంకా తడి ఆరలేదు. ఎలా లేచానో తెలియదు.

"ఇమామ్ సాబ్, ఒక్క సందేహం. పన్నెండేళ్ళుగా కాలనీ వాల్వు ముప్పై మూడుకు బదులు పదకొండే తిప్పుతున్నాను. మీటింగులో అబద్ధం చెప్పాను. ఆ మిగతా నీళ్ళు ప్లాంటుకు పోతున్నాయని నాకు తెలుసు. నేను చేసిన వుజూ చెల్లిందా?"

ఇమామ్ గారు చిన్నవాడు, నా కొడుకు వయసు. లేచి నా దగ్గరికి వచ్చారు.

"చెల్లిందో లేదో చెప్పేంత చదువు నాకు లేదు లాల్ భాయ్. ఇన్నాళ్ళూ ఆ సందేహం మీ ఒక్కరిది. ఇప్పుడు మేమంతా విన్నాం. రేపు ఆ నీళ్ళు ముట్టుకుంటే మా అందరిదీ అవుతుంది."

ట్యాంకు సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. అన్సారే ముందు చెప్పులు వేసుకున్నాడు. "పొద్దున ఎన్నింటికి తిప్పుతావు మామూ?"

"ఆరింటికి."

"వస్తాం."

జహీరా గేటు దగ్గర నుంచి నేరుగా కాలనీకి నడిచింది. అక్కడా తగువే అయిందట. "ఇన్నాళ్ళు ఎక్కడున్నారు మీ సాయిబులు? మా గుంటలు చూసి నవ్వుకున్నారా?" అని ఆడవాళ్ళు నిలదీశారట. "చూసి కళ్ళు తిప్పుకున్నాం. అది తప్పే. రేపు ఆరింటికి వాల్వు దగ్గరికి వచ్చి అదే మాట వాళ్ళ మొహాన అడగండి" అందట జహీరా.

ఆరింటికి వెళ్ళేసరికి వాల్వు చుట్టూ చోటు లేదు. ఖాళీ బిందెలతో కాలనీ ఆడవాళ్ళు, పనికి వెళ్ళడం మానుకున్న మగవాళ్ళు, మా వీధి వాళ్ళు ఓ ముప్పై మంది. రెండు గుంపులూ ముందు దూరం దూరంగానే నిలబడ్డాయి. జహీరా గుంట దగ్గర నిలబడి అంది: "దొంగతనం చెయ్యడం లేదు. మున్సిపాలిటీ వాల్వు, మున్సిపాలిటీ నీళ్ళు, మున్సిపాలిటీ మనుషులం. పూర్తిగా తిప్పుదాం. ఎన్ని చుట్లో అందరూ లెక్కపెట్టండి. ఇక ఎవరూ గుర్తు లేదనకూడదు."

ఆ మాట నా కోసమే. తలొంచుకుని తాళం తగిలించాను.

సుభానల్లా అని నేను మొదలుపెట్టాను. మా వాళ్ళు అందుకున్నారు. కాలనీ ఆడవాళ్ళు కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "స్తోత్రం" అని కలిపారు. మిగిలినవాళ్ళు అంకెలే అరిచారు. తొమ్మిది, పది, పదకొండు. నా చెయ్యి దానంతటది ఆగిపోయింది.

"ఆపమాక బాబాయ్!" అని అరిచాడు మార్కు.

పన్నెండో చుట్టు తిరగలేదు. పన్నెండేళ్ళుగా అక్కడి నుంచి ముందుకు కదలని మర, తుప్పుతో బిగుసుకుపోయింది. బలమంతా పెట్టాను. భుజం కలుక్కుమంది గాని తాళం కదల్లేదు.

మార్కు దిగి అవతలి వైపు పట్టుకున్నాడు. కదల్లేదు. అన్సార్ దిగాడు. "జరగండయ్యా, మగాళ్ళ పని చూశాంలే" అంటూ గుంటలో పడిలేచే ఆడవాళ్ళు నలుగురు దిగారు. జహీరా బురఖా చేతులు పైకి మడుచుకుని తాళం పట్టుకుంది. ఎవరి చెయ్యి ఎవరి చేతి మీద ఉందో తెలియలేదు. ఇనుము ఒక్కసారి కీచుమంది.

"పన్నెండు!"

ఆ కేక రైలు కట్ట అవతలికి వినబడి ఉంటుంది. తర్వాత ఒక్కో చుట్టుకు మనుషులు మారుతూ పట్టారు. ఇరవైకి వచ్చేసరికి పైపులో నీళ్ళు హోరుమనడం కాళ్ళకు తెలిసింది. ముప్పై మూడో దాంతో తాళం ఆగింది. ఇక తిరగడానికి మిగల్లేదు.

మేం ఊపిరి పీల్చుకోకముందే ప్లాంటు మనిషి బండి మీద వచ్చాడు. "ఎవడ్రా ముట్టుకుంది? మాకు ప్రెజరు పడిపోయింది!" అని అరిచాడు. అంతమందిలో ఇంజనీరు రాసిన అబద్ధం వాడే బయటపెట్టాడు. జనం నవ్వారు. ఆ వేసవిలో కాలనీ వాళ్ళు అంతలా నవ్వడం నేను వినడం అదే మొదలు.

ఇరవై నిమిషాలకు రెండు జీపులొచ్చాయి. ప్రభుత్వ ఆస్తికి నష్టం అని కంప్లయింటు అప్పటికే తయారైంది. "వాల్వు తిప్పిందెవరు?" అన్నాడు ఎస్సై.

"నేనేనండి. ఈ వార్డు కౌన్సిలర్ని" అంది జహీరా.

"నేను" అన్నాడు మార్కు. అన్సార్ మాట్లాడకుండా చెయ్యి చాపి చూపించాడు. అరచెయ్యి నిండా ఎర్రటి తుప్పు. తర్వాత అందరూ చాపారు. గాజుల చేతులు, కొడవలి కాయలు కాచిన చేతులు, అన్నీ ఎర్రగానే ఉన్నాయి. ఎస్సై కాసేపు చూసి, "ముందు ఆమెను ఎక్కించండి. తాళం ఎవరిదో వాణ్ణి కూడా" అన్నాడు.

జహీరా జీపెక్కుతూ నా వైపు చూసింది. మీటింగు తర్వాత చూడటం అదే. "ముప్పై మూడేగా మామూ?"

"ముప్పై మూడేనమ్మా" అన్నాను.

నన్ను పట్టుకున్న కానిస్టేబులు ఎరిగినవాడే. "అయిదు నిమిషాలు నాయనా, చివరి ఇంటిదాకా వెళ్ళొస్తాను" అన్నాను. విసుక్కుంటూనే వెంట వచ్చాడు.

సుందరమ్మ గుమ్మంలో నులక మంచం మీద పడుకుని ఉంది. ఆమె కుళాయి నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. మొదట తుప్పు రంగులో వచ్చాయి. తేరుకునేదాకా ఆగాను.

"పదండి బాబాయ్, సారు తిడతారు" అన్నాడు కానిస్టేబులు.

"తేటపడనీ నాయనా."

గుంటలోకి దిగాను. గుంట అంచునున్న ఆమె బిందెను అందుకుని మూడుసార్లు కడిగి, మెడ దాకా నింపి, భుజానికెత్తుకుని పైకొచ్చాను. దిగడమే కష్టమనుకున్నాను గాని, బిందెతో ఎక్కడం ఇంకా కష్టం. బిందె మంచం పక్కన పెట్టాను.

"ఇదేంటి తమ్ముడూ, పోలీసుల్ని పెట్టుకుని?"

"మా అమ్మ పోయిన్నాడు తెచ్చావు గదక్కా. ఎనిమిదేళ్ళయింది."

సుందరమ్మ నా మొహం చూసింది. చెయ్యి చాపి బిందెలో ముంచి, ఆ తడి చెయ్యి నా నెత్తి మీద పెట్టింది. తర్వాత దోసిట్లో పోయించుకుని తాగింది.

"ముట్టిందిలే" అంది. "ఇక వెళ్ళు. ఆ పిల్ల జీపులో ఒక్కతే ఉంది."